నానమ్మకి చేసే సేవ దేవుడి లెక్కలోకి వస్తుందా? రాయగడ నుంచి అడిగిన బాబుకి

బాబూ, ప్రభువు నామంలో వందనాలు. నీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున్న లేచి మళ్లీ చదివాను. వెంటనే రాయలేదు, ఏదో ఒకటి రాసి పంపేసే ప్రశ్న కాదు కాబట్టి.

నువ్వు రాసింది ఇదీ. నానమ్మకి పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. అమ్మ ఒక్కర్తే అన్నీ చూసుకుంటోంది. అమ్మ బాప్తిస్మం తీసుకోలేదు, మజ్జిగౌరమ్మకి దండం పెట్టుకుంటుంది. నువ్వు రెండేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నావు. యవ్వనస్థుల కూటంలో ఒకాయన "క్రియల వల్ల రక్షణ లేదు, మీ అమ్మ చేసే సేవంతా దేవుడి ముందు మురికి గుడ్డే" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారమే ప్రసంగంలో "ప్రేమే మన విశ్వాసానికి గుండెకాయ" అని చెప్పారు. ప్రేమ రక్షించలేకపోతే దాన్ని గుండెకాయ అనడం ఎందుకు, ప్రేమే రక్షిస్తే సిలువ ఎందుకు అని నువ్వు అడిగావు. ఇంకో మాట కూడా రాశావు, నాకు నిద్ర పట్టనివ్వనిది అదే: "నేను నానమ్మకి స్నానం చేయించేటప్పుడు ఇది పరలోకం కోసం చేస్తున్నానేమో అనిపిస్తోంది. అలాగైతే అది ప్రేమేనా?"

నేను పాస్టర్‌ని కాను. పర్లాకిమిడిలో పుట్టాను, 34 ఏళ్లు నర్సుగా చేశాను, అందులో 11 ఏళ్లు కుష్ఠు వార్డులో. సండే స్కూల్లో పిల్లలకి వాక్యం చెప్పడం ఇంకా మానలేదు. తెలిసినంతలో చెప్తాను.

ముందు ఆ మురికి గుడ్డ మాట తీసేద్దాం. అది యెషయా 64వ అధ్యాయంలోది. ప్రవక్త అక్కడ "మా నీతిక్రియలన్నియు మురికిగుడ్డవలె నాయెను" అంటాడు. "మా" అన్న మాట చూడు. అది తన జనంతో కలిసి మోకాళ్ల మీద పడి చేసిన ఒప్పుకోలు. పక్కవాడి తల్లి మీద విసరడానికి రాసింది కాదు. నా గురించి నేను ఆ మాట అనుకుంటే అది పశ్చాత్తాపం. మీ అమ్మ గురించి నేనంటే అది నోటిదురుసు. ఆయన చిన్నవాడై ఉంటాడు, వాక్యం వచ్చు గానీ ఒక్క రాత్రయినా మంచం పక్కన కూర్చుని ఉండడు. కోపం పెట్టుకోకు.

ఇప్పుడు అసలు విషయం. ప్రేమే రక్షిస్తుంది, కాకపోతే నీ ప్రేమ కాదు, నా ప్రేమ కాదు, మీ అమ్మ ప్రేమా కాదు. మనల్ని ముందు ప్రేమించినవాడి ప్రేమ. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అని యోహాను రాశాడు. ఆ "మొదట" అన్న మాటని కదిపావంటే మొత్తం తలకిందులవుతుంది. మన ప్రేమ ముందూ దేవుడి ప్రేమ తర్వాతా పెడితే అది కూలి పని. సాయంత్రం దాకా చేసి చెయ్యి చాపడం. దేవుడి ప్రేమ ముందు పెడితే మన ప్రేమ అందులోంచి పారే కాలవ అవుతుంది.

మన ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో తెలుగూ ఒడియా రెండూ నోట్లో ఉంటాయి కాబట్టి నీకు ఇది బాగా అర్థమవుతుంది. ఒడియాలో ప్రేమించడాన్ని ఏమంటాం? "భల పాఇబా" అంటాం. భల అంటే మంచి, పాఇబా అంటే పొందడం. మాటకి మాట చూస్తే "మంచి దొరకడం". నాకు ఆ మాట ఎప్పుడూ ముద్దే. మనుషులు ఎలా ప్రేమిస్తారో అందులో ఉంది. నీలో నాకేదో మంచి దొరికింది, అందుకే నువ్వంటే ఇష్టం. బిడ్డ నవ్వు, భర్త నెమ్మది, స్నేహితుడి మాట తీరు, ఏదో ఒకటి దొరకాలి. దొరక్కపోతే ప్రేమ ఎండిపోతుంది. మంచం మీద నాలుగేళ్లుగా ఉన్న మనిషిలో, మాట సరిగ్గా రాని మనిషిలో, రాత్రి రెండు గంటలకి పక్క తడిపే మనిషిలో ఏం దొరుకుతుంది చెప్పు? బంధువులు మొదటి ఏడాది వస్తారు, పళ్లు తెస్తారు. తర్వాత రారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్లకి అక్కడ దొరికేది ఏమీ లేదు.

ప్రొటెస్టెంటు సంఘాలకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1518లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో తన తోటి సన్యాసుల ముందు కొన్ని ప్రతిపాదనలు పెట్టి వాదించాడు. వాటిలో 28వది సరిగ్గా ఈ విషయమే. మనిషి ప్రేమ తనకి నచ్చింది దొరికాక పుడుతుందనీ, దేవుడి ప్రేమ అలా దొరకడం కోసం చూడదనీ, తాను ప్రేమించిన దాన్ని తానే ప్రేమించదగ్గదిగా చేస్తుందనీ ఆయన అన్నాడు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మన "భల పాఇబా" గుర్తొచ్చి కాసేపు పుస్తకం మూసేశాను. దేవుడు మనలో "భల" దొరికి మనల్ని ప్రేమించలేదు. "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని రోమా పత్రిక 5వ అధ్యాయంలో ఉన్నది అదే. బాగుపడ్డాక వస్తాననలేదు, ఇంకా పాపులుగా ఉన్నప్పుడే వచ్చాడు. నువ్వు అడిగిన "సిలువ ఎందుకు" అన్నదానికి నా జవాబు ఇక్కడే ఉంది. ఆ ప్రేమ మాటగా కాకుండా మనిషిగా వచ్చి, ఎవరూ ఉండని చోట, ఊరి బయట, నేరస్థుల మధ్య నిలబడింది. మనం మోయలేని అప్పు తాను మోసింది. మన సేవకి అది మెచ్చుకోలు అయితే సిలువ అక్కర్లేదు, శాలువా కప్పితే చాలు.

ఇప్పుడు వార్డు సంగతి చెప్తాను. ఇది చెప్పకుండా ముందుకెళ్తే పుస్తకం మాటలే అవుతాయి.

1984లో కుష్ఠు వార్డుకి వెళ్లాను. మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం అప్పుడప్పుడే మా వైపు వస్తోంది. రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడేది, అందుకని కొందరు మందు దాచేసేవాళ్లు. మందు క్రిమిని చంపుతుంది గానీ అప్పటికే చచ్చిపోయిన నరాన్ని బతికించదు. కాళ్లలో స్పర్శ ఉండదు. ముల్లు గుచ్చుకున్నా, పొయ్యి దగ్గర కాలినా తెలియదు. అందుకే రోజూ కాళ్లు చూడాలి. అరగంట నీళ్లలో నానబెట్టాలి, గట్టిపడ్డ చర్మాన్ని గరుకు రాయితో నెమ్మదిగా రుద్దాలి, తడి ఆరకముందే నూనె రాయాలి. పుండు ఉంటే కట్టు కట్టాలి. తర్వాత ఎం.సి.ఆర్. చెప్పులు, అంటే మెత్తటి రబ్బరు అట్ట ఉన్నవి, తొడగాలి. పొద్దున్న వరసగా తొట్లు పెట్టి, వరసగా కూర్చోబెట్టి ఇదే పని.

నేను అప్పట్లో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకునేదాన్ని. ఈ రోజు ఎంతమంది కాళ్లు కడిగానో అందులో రాసుకునేదాన్ని. బుధవారం స్త్రీల సమాజంలో సాక్ష్యం చెప్పేటప్పుడు అది పనికొచ్చేది. "ఈ వారం 60 మంది పాదాలు కడగడానికి ప్రభువు నాకు కృప ఇచ్చాడు" అని చెప్తే అందరూ స్తోత్రం అనేవాళ్లు. నాకు బాగుండేది. అబద్ధం చెప్పలేదు, పని ఎగ్గొట్టలేదు.

గుణుపూర్ అవతల కొండ ఊరి నుంచి వచ్చిన సవర పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఏ సంఘంలోనూ సభ్యుడు కాదు. వాళ్ల ఊరి దేవతల పేర్లే చెప్పుకునేవాడు. ఒకరోజు నేను ఆయన కాలు తుడుస్తూ పక్క సిస్టర్‌తో ఆ వారం లెక్క చెప్తున్నాను. ఆయన అన్నాడు: "సిస్టరమ్మా, నువ్వు నా కాళ్లు కడగట్లేదు. నీ చేతులు కడుక్కుంటున్నావు."

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. మర్నాడు ఆయన తొట్టి దగ్గరికి వేరే సిస్టర్‌ని పంపాను. వారం రోజులు అలాగే చేశాను. ఇది నేను ఎక్కడా సాక్ష్యంగా చెప్పలేదు, ఇప్పుడు నీకు రాస్తున్నాను.

ఆ ఏడు వానాకాలంలో నాకు కామెర్లు వచ్చాయి. క్వార్టర్‌లో మూడు వారాలు పడుకున్నాను. కడుపులో మంచినీళ్లు నిలిచేవి కావు, కళ్లు పసుపు ముద్దలు. మా సమాజం వాళ్లు కిటికీలోంచి ప్రార్థన చేసి వెళ్లేవాళ్లు, అంటుకుంటుందని భయం. ఒక సాయంత్రం గుమ్మంలో ఈ పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో నేల ఉసిరి మొక్కలు, వేళ్లకి ఇంకా మట్టి. వేళ్లు సగం లేని చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఎక్కడెక్కడ తిరిగి కోశాడో తెలియదు, వార్డు వెనక గుట్ట మీదికి ఎక్కి ఉంటాడు. గుమ్మం దగ్గర పెట్టి, "నూరి మజ్జిగలో తాగు" అని వెనక్కి తిరిగాడు. సిమెంటు గచ్చు మీద ఆయన నిలబడిన చోట ఎర్రగా ముద్ర పడింది. చెప్పు అట్టలోంచి ఏదో గాజుపెంకు దిగింది. ఆయనకి తెలియదు. నొప్పి తెలియని కాలు కదా.

ఆ ఆకు వల్ల నాకు తగ్గిందని చెప్పను, కామెర్లు వాటి రోజులు అవి తీసుకుంటాయి. కానీ ఆ రోజు నా దగ్గర ఆయనకి ఇవ్వడానికి ఏమీ లేదు. లేచి నిలబడే ఓపిక కూడా లేదు. ఆయన్ని వారం రోజులు దూరం పెట్టింది నేనే. అయినా వచ్చాడు. కృప అన్న మాట నేను చిన్నప్పటి నుంచి పాటల్లో పాడాను, అది మీదికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఆ గుమ్మంలో చూశాను. డ్యూటీకి వెళ్లిన మొదటి రోజు ఆ పుండు నేనే కడిగాను. మానడానికి ఏడు వారాలు పట్టింది. నోటు పుస్తకం ఏమైందో గుర్తు లేదు.

అందుకే యోహాను సువార్త 13వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఒక్క సంగతే తగులుతుంది. ఆ రాత్రి ప్రభువు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగినప్పుడు, ఆయన్ని పట్టించబోయే యూదా ఇంకా అక్కడే ఉన్నాడు. రొట్టె ముక్క తీసుకుని బయటికి వెళ్లిపోయింది ఆ తర్వాత. అంటే ఆ కాళ్లు కూడా కడిగాడు. ఎక్కడికి నడవబోతున్నాయో తెలిసి కడిగాడు. అక్కడ తిరిగి వచ్చేది ఏదీ లేదు. పేతురేమో "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అని అడ్డం పడ్డాడు. కడిగించుకోవడం కడగడం కన్నా కష్టం, నాకు ఆ పేతురు బాగా తెలుసు.

ఇక విశ్వాసమా క్రియలా అన్న తగువు. మీ రాయగడ, కొరాపుట్ వైపు అనేక సంఘాలు జయపురం లూథరన్ సంఘానివి. 1882లో జర్మనీ ఉత్తరాన బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీల పని నుంచి పుట్టినవి. మా పర్లాకిమిడిలో కెనడా బాప్టిస్టులు పని చేశారు. మీది లూథరన్ కూటమైతే "విశ్వాసము ద్వారా కృపచేతనే" అన్న మాట గట్టిగా వినబడటం సహజం, వినబడాలి కూడా. ఎఫెసీ 2వ అధ్యాయం 8, 9 వచనాలు మనవాళ్లకి కంఠతా వచ్చు. బాధ ఏమిటంటే అక్కడితో ఆపేస్తారు. 10వ వచనంలోనే పౌలు, మనం సత్‌క్రియలు చేయడానికే క్రీస్తులో సృష్టింపబడ్డామనీ వాటిని దేవుడు ముందే సిద్ధపరచాడనీ అంటాడు. ఊపిరి తీసుకోకుండా మూడూ కలిపి చదవాలి.

లూథరే 1520లో క్రైస్తవుడి స్వాతంత్ర్యం గురించి రాసిన చిన్న పుస్తకంలో రెండు మాటలు పక్కపక్కన పెట్టాడు. క్రైస్తవుడు అందరికన్నా స్వతంత్రుడు, ఎవరికీ దాసుడు కాడు. క్రైస్తవుడు అందరికీ దాసుడు, అందరికీ లోబడినవాడు. రెండూ నిజమే అన్నాడు. ఎలాగంటే, దేవుడి దగ్గర నా లెక్క క్రీస్తు వల్ల తీరిపోయింది కాబట్టి నా పనులతో నాకు నేను ఏమీ సంపాదించుకోనక్కర్లేదు. ఆ పనులన్నీ ఇవ్వడానికి మిగిలే ఉన్నాయి. అవి ఎవరికి? పొరుగువాడికి. అదే లూథర్, క్రియలు లేని విశ్వాసం మృతమనే యాకోబు పత్రికని 1522లో గడ్డి పత్రిక, అంటే పస లేనిది, అన్నాడు, అది ఆయన తొందరపాటని నా అభిప్రాయం. యాకోబు చెప్పింది చాలా సూటి. చలికి వణికేవాడితో "వెచ్చగా ఉండు, సమాధానంగా వెళ్లు" అని చెప్పి దుప్పటి ఇవ్వకపోతే ఆ విశ్వాసం ఎందుకు? దయ్యాలు కూడా దేవుడు ఒక్కడేనని నమ్మి వణుకుతున్నాయి అన్నాడు. నమ్మడం వాటికీ వచ్చు, ప్రేమించడమే రాదు. పౌలు గలతీ 5వ అధ్యాయంలో "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము" అన్నాడు. ఈ ఒక్క మాటలో ఇద్దరూ కలుస్తారు.

ఈ తగువు మీద కతోలికులూ లూథరన్లూ నాలుగు వందల ఏళ్లకు పైగా విడిపోయి ఉన్నారు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో ఇరువైపుల ప్రతినిధులూ ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. మనలో ఉన్న ఏ యోగ్యత వల్లా కాకుండా కేవలం కృప వల్ల, క్రీస్తు రక్షణ కార్యం మీది విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆయన ఇచ్చే ఆత్మ మనల్ని మంచి పనులకి పిలుస్తాడు అని అందులో ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. కాబట్టి మీ కూటంలో విన్నదీ ఆదివారం విన్నదీ కొట్టుకునే మాటలు కావు. మొదటి ఆయన సగం చెప్పి ఆపేశాడు.

మన పెళ్లి శుభలేఖల మీద మొదటి కొరింథీ 13వ అధ్యాయం వేస్తుంటాం. "ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును." పెళ్లికి బాగానే ఉంటుంది. కానీ పౌలు అది పెళ్లి కోసం రాయలేదు. కొట్టుకుంటున్న సంఘానికి రాశాడు. ఆ సంఘంలో ప్రభువు బల్ల దగ్గరే ఉన్నవాళ్లు ముందు వచ్చి తినేసేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో చూస్తుండేవాళ్లు. 11వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. భాషలు మాట్లాడే వరం నాదంటే నాదని పోటీ. అలాంటివాళ్లకి ఆయన "స్వప్రయోజనమును విచారించుకొనదు" అని రాశాడు. నీ మూడో ప్రశ్నకి కూడా అక్కడ మాట ఉంది. నా ఆస్తి అంతా బీదలకి ఇచ్చినా, కాల్చడానికి నా శరీరాన్ని అప్పగించినా, ప్రేమ లేకపోతే నాకు ప్రయోజనం లేదు అంటాడు. అంటే ప్రేమ లేకుండా కూడా త్యాగం చెయ్యొచ్చు! నా నోటు పుస్తకమే సాక్ష్యం.

మరి పరలోకం కోసం చేస్తున్నానేమో అన్న అనుమానం వస్తే ఏం చెయ్యాలి? మత్తయి సువార్త 25వ అధ్యాయం తీయి. రాజు కుడివైపు వాళ్లతో నేను ఆకలిగొంటిని, మీరు నాకు పెట్టారు అంటాడు. వాళ్లు ఏమంటారు? "ప్రభువా, యెప్పుడు?" వాళ్లకి గుర్తు లేదు. ఎవరి చేతిలోనూ లెక్క పుస్తకం లేదు. అన్నం పెట్టేటప్పుడు వాళ్ల కళ్లు ఆకలిగొన్న మనిషి మీద ఉన్నాయి, సింహాసనం మీద లేవు. నువ్వు నానమ్మకి నీళ్లు పోసేటప్పుడు నీ మనసులోకి తొంగి చూసుకోవడం ఆపు, నీళ్ల వేడి చూడు. మోచేత్తో ముట్టుకుని చూడు, ఎక్కువ ఉందా? చెవి వెనక సబ్బు పోయిందా? మనసు శుద్ధి అయ్యేదాకా ఆగి ప్రేమిద్దామనుకుంటే నానమ్మ మురికిలోనే ఉంటుంది. అనుమానం వచ్చినప్పుడు "ప్రభువా, ఇందులో స్వార్థం ఉంటే అది కూడా నీకే అప్పగిస్తున్నా, కడుగు" అని చెంబు ఎత్తు. నేను అలాగే చేశాను, చాలా ఏళ్లు.

ఒక హెచ్చరిక మాత్రం తప్పకుండా చెప్పాలి. నిస్వార్థ ప్రేమ పేరుతో మన ఇళ్లలో, సంఘాల్లో ఆడవాళ్ల మీద వేసిన బరువు నేను కళ్లారా చూశాను. తాగొచ్చి కొట్టే భర్త దగ్గర్నుంచి పుట్టింటికి వచ్చేసిన అమ్మాయిని, "ప్రేమ అన్నిటికి తాళుకొనును" అని చెప్పి సంఘ పెద్దలు తిరిగి పంపించారు. రెండు నెలలకి ఆ పిల్ల విరిగిన చెయ్యితో నా వార్డుకి వచ్చింది. అదే అధ్యాయంలో దానికి ముందు వచనమే ప్రేమ "దుర్నీతివిషయమై సంతోషపడక సత్యమునందు సంతోషించును" అంటుంది. ఆ వచనం వాళ్లకి కనబడలేదా? క్రీస్తు తన ప్రాణం తానే పెట్టాడు, ఎవరూ ఆయన దగ్గర్నుంచి లాక్కోలేదు అని ఆయనే చెప్పాడు. ఇంకొకరి ప్రాణాన్ని వాళ్ల తరఫున మనం పెట్టడానికి మనకి హక్కు లేదు.

క్షమించడం కూడా అంతే, ఎవరూ బలవంతపెట్టి చేయించేది కాదు. 1999 జనవరిలో మన రాష్ట్రంలోనే, కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, బారిపదలో ఎన్నో ఏళ్లుగా కుష్ఠురోగుల మధ్య పని చేసిన గ్రాహం స్టెయిన్స్ గారినీ ఆయన ఇద్దరు కొడుకులనీ, ఫిలిప్‌కి పదేళ్లు, తిమోతికి ఆరేళ్లు, బండిలో నిద్రపోతుండగా కాల్చేశారు. మా వార్డు సిస్టర్లందరం ఆ రోజు భోజనం ముట్టలేదు. భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్లని క్షమించానని చెప్పారు. చెప్పి దేశం వదిలి వెళ్లిపోలేదు, కూతురితో బారిపదలోనే ఉండి ఏళ్ల తరబడి ఆ రోగుల పని చూశారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. కోర్టు తన పని తాను చేసింది, ఆవిడ క్షమాపణ దానికి అడ్డు రాలేదు. ఆవిడ స్థానంలో నేనుంటే ఏమనేదాన్నో చెప్పే ధైర్యం నాకు లేదు. అలాంటి మాట మనిషి గుండెలో ఊరేది కాదు, పై నుంచి పోస్తేనే వస్తుందని మాత్రం నమ్ముతాను.

ఇక మీ అమ్మ. ఆవిడ రక్షణ సంగతి నన్ను తేల్చమంటే తేల్చను, అది నా చేతిలో లేదు, ఆ కూటం ఆయన చేతిలోనూ లేదు. క్రీస్తు తప్ప వేరే రక్షకుడు లేడని నేను నమ్ముతాను, అది దాచను. అదే క్రీస్తు, "నా పొరుగువాడెవడు" అని అడిగిన ధర్మశాస్త్ర పండితుడికి జవాబు చెప్పేటప్పుడు యాజకుణ్ణీ లేవీయుణ్ణీ పక్క దారిన పంపేసి, యూదులు లెక్కచెయ్యని సమరయుడి చేత గాయాలు కట్టించాడు. "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అన్నాడు. అంటే పండితుడిని సమరయుడి దగ్గర నేర్చుకోమన్నాడు. నాకు ఆ సవర పెద్దాయన దగ్గర నేర్చుకోమన్నాడు. నీకు ఇంట్లోనే ఉంది ఆ బడి.

మీ అమ్మకి సువార్త చెప్పాలని నీకు ఆశ ఉంది, తప్పు లేదు. కానీ నానమ్మ మంచం దగ్గర చెప్పకు. ఆవిడ పక్క మారుస్తున్నప్పుడు వచనం ఎత్తకు. రాత్రి డ్యూటీ నువ్వు తీసుకో. వారానికి మూడు రాత్రులు "అమ్మా, నువ్వు పడుకో, నేను చూస్తాను" అను. నాలుగేళ్లుగా ఎత్తి ఎత్తి ఆవిడ నడుం ఏమై ఉంటుందో నాకు తెలుసు. "నిన్నువలె నీ పొరుగువానిని" అన్నప్పుడు ఆ "నిన్నువలె" అమ్మకి కూడా వర్తించాలి కదా. ఆవిడ ఎందుకురా అని అడిగినప్పుడు చెప్పు. అడగకపోయినా పర్వాలేదు.

నీ ఉత్తరం చివర ఒక్క ముక్క రాసి వదిలేశావు. నానమ్మకి నడుం కింద, తోక ఎముక దగ్గర ఎర్రగా కందిందని. అది ప్రశ్నలో లేదు గానీ నాకు అదే ముఖ్యం. ఆ ఎర్రటి చోట వేలితో మెల్లగా నొక్కి తియ్యి. నొక్కినప్పుడు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా టైముంది. నొక్కినా తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పక్క పుండు మొదలైనట్టే, రేపే డాక్టరుకి చూపించు. రెండు గంటలకొకసారి పక్క మార్చు, ఎడమకి, కుడికి. లాగకు, ఇద్దరు కలిసి దుప్పటితో ఎత్తి మార్చండి, లాగితే చర్మం చిట్లుతుంది. ఎర్రటి చోట రుద్దొద్దు, మర్దనా చెయ్యొద్దు. గుండ్రంగా మధ్యలో కన్నం ఉండే ట్యూబు దిండ్లు అమ్ముతారు, అవి కొనకు, చుట్టూ నొక్కి ఇంకా పాడు చేస్తాయి. మడమల కింద దిండు కాదు, పిక్కల కింద పెట్టు, మడమలు గాల్లో ఉండాలి. తడి తగిలిన వెంటనే తుడిచి ఆరబెట్టు. పప్పు, గుడ్డు, పాలు, ఆవిడ ఏది మింగగలిగితే అది పెట్టు. మింగడం కష్టంగా ఉంటే కూర్చోబెట్టి పెట్టాలి, పడుకోబెట్టి పెట్టకు.

పొద్దున్న వెలుతుర్లో ఒకసారి నొక్కి చూసి, తెల్లబడిందో లేదో నాకు రాయి.